గాలి కాలం, బడి కాలం: వ్యాయామోపాధ్యాయులకు బహిరంగ లేఖ

హైదరాబాద్, సికింద్రాబాద్ పాఠశాలల్లో పనిచేస్తున్న వ్యాయామోపాధ్యాయులకు,

హుస్సేన్ సాగర్ మీద డింగీ రేసులకు అసలైన కాలం జూన్ నడుమ మొదలై సెప్టెంబరు దాకా నడుస్తుంది. అది నైరుతి రుతుపవనాల కాలం. పడమటి గాలి నమ్మకంగా వీచేది ఆ నెలల్లోనే. తెలంగాణలో బడులు సాధారణంగా తెరిచేదీ జూన్ 12నే. అంటే సెయిలింగ్ నేర్చుకునే పిల్లలకు గాలి దొరికే రోజులూ, కొత్త తరగతి పాఠాలు మొదలయ్యే రోజులూ ఒకటే. ఎండాకాలం సెలవుల్లో ఆడుకోండి అంటే కుదిరే ఆట కాదిది. బడిలో ఈ సంగతి ముందుగా తెలియవలసింది వ్యాయామోపాధ్యాయులకు. ప్రధానోపాధ్యాయులకు, క్లాసు టీచర్లకు నచ్చజెప్పగలిగిందీ వాళ్ళే. క్లబ్బులో చేరిన ఎనిమిదో తరగతి పిల్లకు ఒక సీజన్ పొడుగునా ఏమేం ఎదురవుతాయో, వాటిలో ఆమె ఏం నేర్చుకుంటుందో ఈ లేఖలో వరసగా ఉంది.

డింగీ అంటే ఒకరో ఇద్దరో నడిపే చిన్న తెరచాప పడవ. ఇంజిను ఉండదు. గాలి బలంతో ముందుకు పోతుంది, చుక్కానితో దారి మళ్ళుతుంది. డాగర్‌బోర్డ్ అనే పలకను అడుగు నుంచి నీళ్ళలోకి నిలువుగా దించడం వల్ల పక్కకు కొట్టుకుపోకుండా నిలుస్తుంది. పిల్లలు మొదట ఎక్కేది ఆప్టిమిస్ట్. అమెరికాలోని ఫ్లోరిడాలో క్లార్క్ మిల్స్ 1947లో పిల్లల కోసమే దీన్ని రూపొందించాడు. పొడవు 2.36 మీటర్లు, బరువు 35 కిలోలు, తెరచాప సుమారు 3.3 చదరపు మీటర్లు. ముందు భాగం కొనదేరకుండా చదరంగా ఉంటుంది కాబట్టి ట్యాంక్‌బండ్ మీది నుంచి కూడా గుర్తుపట్టవచ్చు. పదిహేనేళ్ళు దాటినవాళ్ళకు ఇందులో పోటీ లేదు. ఆ తర్వాత లేజర్ ఎక్కుతారు. కెనడాకు చెందిన బ్రూస్ కర్బీ గీసిన ఈ పడవ 1971లో మార్కెట్లోకి వచ్చింది. ఇప్పుడు పోటీల్లో దీన్ని ఐఎల్‌సీఏ అంటున్నారు. పడవ ఒక్కటే, తెరచాపలు మూడు: దాదాపు 4.7, 5.8, 7.1 చదరపు మీటర్లవి. బక్కపలచని పిల్ల చిన్న తెరచాపతో మొదలుపెట్టి, ఒంట్లో బలం వచ్చేకొద్దీ అదే పడవ మీద పెద్దది బిగిస్తుంది. అన్నిటికన్నా పెద్దది 1996 నుంచి, నడిమిది మహిళల విభాగంలో 2008 నుంచి ఒలింపిక్స్‌లో ఉన్నాయి. బడి పిల్లలు హుస్సేన్ సాగర్‌లో నేర్చుకునే పడవా, ఒలింపిక్స్‌లో పరుగు తీసే పడవా ఒకటే కావడం చాలా ఆటల్లో దొరకని అదృష్టం.

ఈఎంఈ సెయిలింగ్ అసోసియేషన్, సికింద్రాబాద్ సెయిలింగ్ క్లబ్, యాట్ క్లబ్ ఆఫ్ హైదరాబాద్ ఈ చెరువు మీది ప్రధాన కేంద్రాలు. వానాకాలంలో జరిగే హైదరాబాద్ సెయిలింగ్ వీక్‌కు, మాన్‌సూన్ రెగట్టా అనే పడవ పోటీలకు దేశం నలుమూలల నుంచి పోటీదారులు వస్తారు. ఇది డబ్బున్నవాళ్ళ ఆట అన్న మాట బడుల్లో తరచూ వినిపిస్తుంది. పడవ కొనాలంటే ఖర్చు ఎక్కువే. అయితే నేర్చుకునే పిల్లలు నడిపేది క్లబ్బు పడవలను. ప్రభుత్వ పాఠశాలల పిల్లలకు సెయిలింగ్ నేర్పి జాతీయ పోటీలకు పంపిన చరిత్ర ఈ నగరానికి ఉంది. ఆ పిల్లల పేర్లు చాలా బడుల నోటీసు బోర్డుల మీద కనిపించకపోవడం విచారించాల్సిన విషయం.

సీజన్ పని గాలి రాకముందే, ఈతతో మొదలవుతుంది. లైఫ్ జాకెట్ తొడుక్కుని, బట్టలతోనే నీళ్ళలో దిగి, కంగారుపడకుండా తేలగలగాలి. ఆ తర్వాత రిగ్గింగ్, అంటే పడవను పోటీకి సిద్ధం చేయడం. ఆప్టిమిస్ట్ తెరచాపను స్తంభానికి, అడుగున అడ్డంగా ఉండే బూమ్‌కు చిన్న చిన్న తాళ్ళతో వరసగా కడతారు. ఒక్క ముడి వదులైతే తెరచాప ముడతపడి పడవ వేగం తగ్గుతుంది. మరీ బిగిస్తే చదునై గాలి పట్టదు. ఎంత బిగించాలో ఆ రోజు గాలిని బట్టి మారుతుంది. కోచ్ ఒకసారి చూపిస్తాడు. తర్వాత ఎవరి పడవ వాళ్ళే కట్టుకోవాలి. ముడి ఊడితే నీళ్ళ మీద దాన్ని కట్టిచ్చే మనిషి ఉండడని పిల్లలకు మొదటి వారంలోనే తెలిసిపోతుంది.

పడవ తిరగబడడాన్ని క్యాప్‌సైజ్ అంటారు. దాన్ని ప్రమాదంగా కాక పాఠంగా నేర్పుతారు. కోచ్ చెప్పగానే పిల్లలు కావాలనే పడవను పడేస్తారు. మొదటి నియమం పడవను వదలకపోవడం. అంచు పట్టుకుని ఈదుతూ అడుగువైపుకు చేరి, బయటికి పొడుచుకొచ్చిన డాగర్‌బోర్డ్‌ను పట్టుకుని బరువంతా వేసి వేలాడాలి. కాసేపు ఏమీ కదలదు. తర్వాత తెరచాప మీది నీళ్ళు జారడం మొదలై స్తంభం మెల్లగా లేస్తుంది, చివర్లో ఒక్క ఊపున నిలబడుతుంది. లేచిన ఆప్టిమిస్ట్ నిండా నీళ్ళే. పాకి ఎక్కి, పోకుండా తాడుతో పడవకే కట్టి ఉంచిన డబ్బాతో ఆ నీళ్ళన్నీ తోడిపోయాలి. అంతసేపూ పడవ మళ్ళీ ఒరగకుండా గాలికి ఎదురుగా పెట్టుకోవాలి. రెస్క్యూ బోటు పక్కనే ఉంటుంది, పిల్లకు ప్రమాదం లేనంతవరకు చేయి వేయదు. తల్లిదండ్రులు భయపడేది ఇక్కడే. లైఫ్ జాకెట్ లేకుండా ఎవరినీ నీటి మీదికి పంపరని, ప్రతి రేసుకూ రక్షణ పడవలు ఉంటాయని బడి తరఫున ఒక్క మాట చెబితే చాలామంది తల్లుల బెంగ తగ్గుతుంది.

తెరచాప పడవ గాలికి సూటిగా ఎదురు పోలేదు. గాలి వచ్చే దిక్కుకు అటో ఇటో రమారమి 45 డిగ్రీల కోణంలో మాత్రమే పోగలదు. అందుచేత గాలికి ఎదురుగా ఉన్న గుర్తును, అంటే మార్క్ అనే తేలే బుడగను, చేరాలంటే కొంతసేపు కుడికి, కొంతసేపు ఎడమకు మలుపులు తిరుగుతూ పోవాలి. ఆ మలుపును ట్యాక్ అంటారు. ఎప్పుడు తిరగాలి అన్న ప్రశ్న చుట్టూనే ఈ ఆట అంతా నడుస్తుంది.

హుస్సేన్ సాగర్ మీద ఆ ప్రశ్నకు జవాబు నిమిషానికోలా ఉంటుంది. సముద్రం మీద గాలి అడ్డం లేకుండా వస్తుంది. ఇక్కడ పడమటి గాలి ఖైరతాబాద్ మేడల మీదుగా, నైరుతి గాలి సచివాలయం, బిర్లా మందిరం గుట్టల వైపు నుంచి దిగి చెరువు మీద పడుతుంది. భవనాల మధ్య చీలి, కలిసి, మళ్ళీ చీలి రావడం వల్ల దాని దిక్కూ బలమూ క్షణక్షణం మారుతుంటాయి. ఈ మార్పు విలువ లెక్కలో చూస్తే ఆశ్చర్యం కలుగుతుంది. ఒకే స్థాయిలో ఉండి, ఒకదానికొకటి 100 మీటర్ల ఎడంగా అటూ ఇటూ ఉన్న రెండు పడవలున్నాయనుకుంటే, గాలి 10 డిగ్రీలు తిరిగేసరికి ఒకటి రెండోదానికన్నా దాదాపు 25 మీటర్లు ముందుంటుంది. అంటే పది ఆప్టిమిస్ట్‌ల పొడవు. కండబలంతో అంత తేడా తేవడం ఎవరివల్లా కాదు, ముందుగా పసిగట్టినవాళ్ళకే దక్కుతుంది. బలం సంగతీ అంతే. గాలి వేగం రెట్టింపైతే తెరచాప మీద ఒత్తిడి నాలుగింతలవుతుంది. నెమ్మదిగా వీస్తున్న గాలిలో తీరిగ్గా కూర్చున్న పిల్ల ఒక్క గస్ట్, అంటే ఉన్నట్టుండి విసిరే గాలి, వచ్చేసరికి పడవ అంచు బయటికి వాలి వేలాడాల్సి వస్తుంది.

గస్ట్‌ను వచ్చేముందే చూడవచ్చు. నీటి మీద సన్నటి అలలు లేచి ఆ మేర నల్లగా కనిపిస్తుంది, ఆ నలుపు పడవ వైపు కదిలి వస్తుంది. సంక్రాంతికి మేడ మీద పతంగి ఎగరేసిన పిల్లలకు దారం లాగుడులో గాలి తెలిసినట్టే, సెయిలింగ్ పిల్లలకు చేతిలో ఉండి తెరచాపను అదుపు చేసే మెయిన్‌షీట్ తాడు లాగుడులో తెలుస్తుంది. సంజీవయ్య పార్కులో 2016లో నిలిపిన 291 అడుగుల స్తంభం మీద జాతీయ జెండా ఎగిరే రోజున కొత్తవాళ్ళు దాన్ని చూసి గాలి దిక్కు తేల్చేస్తారు. అనుభవం ఉన్నవాళ్ళు దాన్ని కొంతవరకే నమ్ముతారు. అంత ఎత్తున వీచే గాలికీ, నీటికి రెండు మీటర్ల పైన తెరచాపకు తగిలే గాలికీ దిక్కులోనూ వేగంలోనూ తేడా ఉంటుంది. పాఠ్యపుస్తకంలో భౌతికశాస్త్రం చదివే పిల్లలకు ఇంతకన్నా మంచి ప్రయోగశాల నగరం నడిబొడ్డున మరొకటి లేదు.

ఇక రేసు. డింగీ రేసు గీత మీద నిలబడి మొదలవదు. కమిటీ పడవకూ ఒక బుడగకూ మధ్య ఊహించుకున్న గీతే ప్రారంభరేఖ. అయిదు నిమిషాలు ఉందనగా పడవ తరగతి జెండా ఎగురుతుంది, నాలుగు నిమిషాలకు సిద్ధంకమ్మనే జెండా. ఒక నిమిషం ఉందనగా ఆ రెండో జెండా దిగుతుంది, సమయం కాగానే మొదటిదీ దిగుతుంది. హారన్ కూడా మోగుతుంది కానీ లెక్క జెండాకే. హారన్ వినపడలేదన్న సాకు చెల్లదు. పడవకు బ్రేకు లేదు. చివరి నిమిషంలో పాతిక ముప్పై పడవలు తెరచాపలు రెపరెపలాడిస్తూ గీత వెనక కిక్కిరిసి ఉంటాయి. ఒకరినొకరు హెచ్చరించుకునే కేకలు, బూమ్‌లు తగలకుండా వంచిన తలలు, చేతి గడియారం మీద ఒక కన్ను. సున్నా పడేసరికి పడవ ముక్కు గీత మీదే ఉండాలి, పూర్తి వేగంలో ఉండాలి, దాటి మాత్రం ఉండకూడదు. ముందే దాటితే వెనక్కి వచ్చి మళ్ళీ బయలుదేరాలి. రాకపోతే ఫలితాల పట్టికలో ముందే దాటినట్టు ఓసీఎస్ అని పడుతుంది. అందరికన్నా ముందు చేరినా ఆ స్థానం లెక్కకు రాదు. వానాకాలపు తొలి ఆదివారాల్లో కొత్తవాళ్ళలో ఎక్కువమంది గీతకు బాగా వెనకే ఉండిపోతారు. భయం తీరాక తొందరపడి ముందే దాటేస్తారు. సీజన్ సగానికి వచ్చేసరికి ఆ రెండింటి మధ్య కుదురుకుంటారు. పిల్లలో వచ్చిన ఎదుగుదలను చూడాలంటే ముగింపు గీత కన్నా ప్రారంభరేఖ దగ్గర చూడాలి.

నియమాలు వరల్డ్ సెయిలింగ్ సంస్థవి. నాలుగేళ్ళకోసారి సవరిస్తారు, ఇప్పుడు అమల్లో ఉన్నవి 2025–2028 నాటివి. ఒలింపిక్స్‌కూ క్లబ్బు ఆదివారానికీ ఒకే పుస్తకం. గాలి ఎడమ పక్క నుంచి తగులుతున్న పడవ, కుడి పక్క నుంచి తగులుతున్న పడవకు దారి ఇవ్వాలి. ఇద్దరికీ ఒకే పక్క నుంచి తగులుతుంటే గాలివైపు ఉన్నది రెండోదానికి అడ్డు రాకూడదు. వెనకున్నది ముందున్నదాన్ని తగలకూడదు. మార్క్ దగ్గర లోపలివైపు ఉన్న పడవకు తిరగడానికి చోటు విడవాలి. ఒంటితో పడవను ఊపుతూ, తెరచాపను పదేపదే లాగుతూ వేగం తెచ్చుకోకూడదు.

ఈ ఆటలో పడవ పక్కన రిఫరీ ఉండడు. తప్పు చేసిన పిల్లే తన తప్పు ఒప్పుకుని, మిగతావాళ్ళకు దూరంగా తొలగి, పడవను రెండు చుట్లు తిప్పి శిక్ష తీర్చుకుని మళ్ళీ పోటీలో కలుస్తుంది. మార్క్‌ను తాకితే ఒక చుట్టు. ఎవరూ చూడలేదు కదా అని పోవచ్చు, పోకూడదు. పదమూడేళ్ళ వయసులో ముందున్న స్థానాన్ని చేతులారా వదులుకుని చుట్లు తిరగడం చిన్న విషయం కాదు. ఆ చుట్లు తిరిగిన పిల్లను బడి ప్రార్థన సమావేశంలో మెచ్చుకోవచ్చు, కప్పు గెలిచిన పిల్లను మెచ్చుకున్నట్టే.

తప్పు ఎవరిదో తేలకపోతే ప్రొటెస్ట్. జరిగిన వెంటనే నీటి మీదే ‘ప్రొటెస్ట్’ అని గట్టిగా చెప్పాలి. ఒడ్డు చేరాక గడువులోగా కాగితం మీద రాసివ్వాలి. విచారణలో బల్ల మీద చిన్న చిన్న బొమ్మ పడవలు పెట్టి, గాలి ఎటు నుంచి వస్తోందో, ఎవరి పడవ ఎక్కడుందో, తర్వాత ఏం జరిగిందో ఇద్దరు పిల్లలూ వరసగా జరిపి చూపిస్తారు. ఎదుటివాళ్ళను ప్రశ్నలు అడగవచ్చు, సాక్షిని పిలవవచ్చు. తమ తరఫున మాట్లాడుకోవలసింది పిల్లలే. నియమావళి ఇంగ్లీషులో ఉండడం తెలుగు మాధ్యమం పిల్లలకు ఇక్కడ అడ్డు పడుతుంది. న్యాయం తమవైపు ఉండి కూడా చెప్పుకోలేక ఓడిపోయే ప్రమాదం ఉంది. వారానికో నియమం చొప్పున ఇంగ్లీషు టీచరు సాయంతో చదివించి, నేల మీద సుద్దముక్కతో పడవలు గీసి ఆడిస్తే ఆ అడ్డు ఒక సీజన్‌లో తొలగుతుంది. దీనికి నీళ్ళూ అక్కర్లేదు, పడవా అక్కర్లేదు.

మార్కుల పద్ధతి తెలియకపోతే పిల్ల సీజన్‌ను అంచనా వేయలేం. మొదటి స్థానానికి 1, రెండోదానికి 2, పదోదానికి 10. అన్ని రేసులూ కలిపి తక్కువ వచ్చినవాళ్ళే విజేత. పూర్తి చేయకపోతే, ముందే దాటితే, అనర్హత పడితే పోటీకి నమోదైన పడవల సంఖ్యకు ఒకటి కలిపి వేస్తారు. తగినన్ని రేసులు జరిగితే అన్నిటికన్నా పాడైన రేసును తీసేస్తారు. ఇందుకు చక్కని ఉదాహరణ నేహా ఠాకూర్. సముద్రమే లేని మధ్యప్రదేశ్‌లో, భోపాల్ చెరువు మీద సాధన చేసిన ఈ అమ్మాయి 2023లో చైనాలో జరిగిన హాంగ్‌జౌ ఆసియా క్రీడల్లో ఐఎల్‌సీఏ 4 (అన్నిటికన్నా చిన్న తెరచాప) బాలికల విభాగంలో రజతం గెలిచింది. 11 రేసుల్లో ఆమెకు వచ్చినవి మొత్తం 32. అన్నిటికన్నా పాడైన రేసులో ఆమె స్కోరు 5. దాన్ని తీసేయగా 27 మిగిలింది. పదకొండు రేసుల్లో ఒక్కసారి కూడా అయిదుకన్నా కిందికి జారకపోవడమే ఆమెకు పతకం తెచ్చింది. ఒక ఆదివారం మొదటి స్థానం తెచ్చుకుని మరుసటి వారం పద్దెనిమిదికి పడిపోయే పిల్ల కన్నా, ప్రతివారం ఆరో ఏడో స్థానంలో ఉండే పిల్ల మంచి సెయిలర్. బడికి వచ్చే వార్త మాత్రం ఎప్పుడూ మొదటి పిల్లదే.

జూలైలో గాలి బలపడుతుంది. ఈ నెలలో శరీరం మీద పడే భారం వ్యాయామోపాధ్యాయులకు బాగా అర్థమవుతుంది. ఐఎల్‌సీఏలో పాదాలను పట్టీ కింద దూర్చి, తొడల మీది నుంచి ఒళ్ళంతా పడవ బయటికి వాల్చి, గాలి పడవను ఒరగదోయకుండా ఆపాలి. దీన్ని హైకింగ్ అంటారు. మోకాళ్ళు వంగి, కదలకుండా, నిమిషాల తరబడి తొడ కండరాలు బిగుసుకుని ఉంటాయి. బడుల్లో శిక్షగా వేసే గోడకుర్చీ సరిగ్గా ఈ కండరాలకే సాధన. శిక్షగా కాక కసరత్తుగా, మెల్లగా సమయం పెంచుతూ చేయిస్తే, దానికి ప్లాంక్, తాడాట జతచేస్తే, ఆ పిల్లకు జూలై గాలిని తట్టుకునే బలం వస్తుంది. బరువు సంగతిలో జాగ్రత్త అవసరం. ప్రతి తెరచాపకూ తగిన బరువంటూ ఉంటుంది. ఐఎల్‌సీఏ 4కు రమారమి 50 నుంచి 65 కిలోలు. తేలిగ్గా ఉంటే నెమ్మది గాలిలో వేగం వస్తుందని ఎదిగే వయసులో తిండి మానే పిల్లలుంటారు. వాళ్ళ ఎదుగుదలకు తగ్గ పడవ మార్చాలే తప్ప పడవకు తగ్గట్టు పిల్లను ఎండగట్టకూడదు. ఈ విషయంలో వ్యాయామోపాధ్యాయుల కన్ను తల్లిదండ్రుల కన్నుకన్నా ముందు పసిగడుతుంది.

ఆగస్టు నుంచి గుర్రపు డెక్క, నాచు ఇబ్బంది పెడతాయి. డాగర్‌బోర్డ్‌కు ఒక్క తీగ చుట్టుకున్నా పడవ బరువెక్కినట్టు ఈడుస్తుంది. పలకను పైకి లాగి, వదిలించి, మళ్ళీ దించాలి, ఆ రెండు మూడు క్షణాల్లో పడవ పక్కకు జారుతుంది. నీరు శుభ్రమైనది కాదు. నాలాల నుంచి మురుగు చెరువులో కలుస్తున్న సంగతి నగరమంతటికీ తెలుసు. అందువల్ల కాలికి చేతికి దెబ్బ తగిలితే నీరు చొరని పట్టీ వేయాలి, పుండు ఉన్నవాళ్ళు దిగకూడదు, ఒడ్డుకు రాగానే మంచి నీళ్ళతో స్నానం చేయాలి. భాద్రపదంలో వినాయక నిమజ్జనాలతో రేసుల ఊపు తగ్గుతుంది. మునిగిన విగ్రహాల కర్రలు, ఇనుప చువ్వలు తీసేదాకా పడవ అడుగుకూ పిల్లల కాళ్ళకూ ప్రమాదమే. దసరా తర్వాత గాలి పలచబడుతుంది. అప్పుడు నేర్చుకునేది వేరే విద్య: కదలకుండా కూర్చోవడం, చుక్కానిని వేళ్ళ కొసలతో పట్టుకోవడం, ఊపిరంత గాలిని కూడా వృథా పోనివ్వకపోవడం.

క్లబ్బు సిరీస్ రేసులు చాలావరకు ఆదివారాల్లోనే కాబట్టి బడికి అడ్డం రావు. అడ్డం వచ్చేవి జూలై, ఆగస్టుల్లోని ఒకటి రెండు పెద్ద రెగట్టాల పనిదినాలు. అవి ఒక్కోసారి మొదటి ఫార్మేటివ్ పరీక్షలకు దగ్గరపడతాయి. పోటీ తేదీలను నిర్వాహకులు ముందే నోటీస్ ఆఫ్ రేస్‌లో ప్రకటిస్తారు. దాని ప్రతిని జూన్‌లోనే బడికి తెప్పించుకుని, ఆ రోజులకు ఆన్ డ్యూటీ హాజరు ఇప్పించడం, తప్పిన పరీక్షను వేరే రోజున రాయించడం కబడ్డీ, ఖోఖో జట్లకు ఇప్పటికే చేస్తున్న పనే. సెయిలింగ్‌కు వెళ్ళేది జట్టు కాదు, ఒక్క పిల్ల. ఆ ఒక్కరి కోసం అడగడానికి ఆమెకు గానీ ఆమె తల్లిదండ్రులకు గానీ నోరు రాదు. ఆ మాట వ్యాయామోపాధ్యాయులే ప్రధానోపాధ్యాయుల దగ్గర అడగాలి. సీజన్ చివర సర్టిఫికెట్ ఒక్కదాన్నే కాక రేసువారీ పట్టికను కూడా తెమ్మని పిల్లకు చెప్పాలి. అందులో జూన్ అంకెలనూ సెప్టెంబరు అంకెలనూ పక్కపక్కన పెట్టి చూసి, క్రీడా రికార్డులో ఆ రెండింటినీ రాయాలి.